మా గంటలు కూడా రాయండి: మా ఆసుపత్రి యాజమాన్యానికి ఒక స్టాఫ్ నర్సు బహిరంగ లేఖ

గౌరవనీయులైన చైర్మన్ గారికి, మేనేజింగ్ డైరెక్టర్ గారికి, బోర్డులో ఉన్న డాక్టర్లందరికీ నమస్కారం.

నేను మీ ఐసీయూలో స్టాఫ్ నర్సును. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) అయ్యాక రెండేళ్లు ఒక చిన్న నర్సింగ్ హోంలో చేసి, తర్వాత మీ దగ్గర చేరాను. ఇక్కడ తొమ్మిదేళ్లు నిండాయి. ఈ ఉత్తరంలో ఆసుపత్రి పేరు రాయడం లేదు. పేరు రాస్తే మాట పరువు మీదికి పోతుంది, నేను మాట్లాడాల్సింది గంటల గురించి. చదివితే మీ గురించేనని మీకు తెలుస్తుంది. హనుమకొండలో, వరంగల్‌లో, కరీంనగర్‌లో, మంచిర్యాలలో ఇంకే యాజమాన్యానికైనా ఇది తమ గురించే అనిపిస్తే, వాళ్లు కూడా తమకు రాసినట్టే చదువుకోవాలని కోరుతున్నాను.

నర్సింగ్ స్కూల్లో చేరిన కొత్తలో మా ట్యూటర్ మేడమ్ రోజూ ఒక మాట చెప్పేవారు. రాయనిది చేయనట్టే. బీపీ చూశావా, చార్టులో రాయి. ఇంజెక్షన్ ఇచ్చావా, టైం వేసి సంతకం పెట్టు. యూరిన్ బ్యాగు ఖాళీ చేశావా, ఎన్ని ఎంఎల్ ఉందో రాయి. రాత్రంతా పేషెంటు పక్కన నిలబడినా సరే, కేస్ షీట్‌లో లేకపోతే నువ్వక్కడ లేనట్టే. పదకొండేళ్లుగా ఆ మాట తప్పలేదు. డ్యూటీ దిగేసరికి మా అరచేతుల్లో పెన్నుతో రాసుకున్న అంకెలు ఉంటాయి, చార్టు దగ్గరికి వెళ్లేలోపు మర్చిపోతామేమోనని. ఆ అలవాటు పేషెంట్లను కాపాడుతుంది కాబట్టి దాని మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు.

అదే మాట ఇప్పుడు మా మీద పడింది. మేం ఎక్కువగా చేసే గంటలు ఎక్కడా రాయరు. రాయరు కాబట్టి అవి లేవు. లేవు కాబట్టి వాటికి జీతం లేదు, సెలవు లేదు, అడుగుదామంటే చేతిలో ఆధారం లేదు. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క విషయం మీదే.

మీలో చాలామందికి వార్డు డ్యూటీ ఎట్లా నడుస్తుందో తెలుసు. అయినా రోస్టర్ కాగితం మీద కనబడేది వేరు, ఐసీయూలో జరిగేది వేరు. కాగితం మీద మార్నింగ్ 8 నుంచి 2, ఆఫ్టర్‌నూన్ 2 నుంచి 8, నైట్ రాత్రి 8 నుంచి పొద్దున 8. మార్నింగ్ వాళ్లం ఏడున్నరకే రావాలి, హ్యాండోవర్ తీసుకోవాలి కాబట్టి, అంటే దిగిపోయే నర్సు తన పేషెంట్ల సంగతులన్నీ చెప్పి మాకు అప్పగించాలి. ఆ అరగంట డ్యూటీ లెక్కలోకి రాదు. రెండింటికి మా డ్యూటీ అయిపోవాలి. ఒకటీ యాభైకి అంబులెన్స్ వస్తుంది. పరకాల నుంచో ములుగు నుంచో గుండెపోటు కేసు. మనిషిని స్ట్రెచర్ మీది నుంచి బెడ్ మీదికి మార్చి, మానిటర్ తగిలించి, లైన్లు పెట్టి, రక్తం తీసి ల్యాబ్‌కు పంపి, మందుల ఇండెంట్ రాసి, బయట ఏడుస్తున్న వాళ్లావిడకు రెండు మాటలు చెప్పి, ఆరోగ్యశ్రీ కేసైతే ఆ కాగితాలూ ఫొటోలూ సరిచూసి, అప్పుడు నా మిగతా పేషెంట్ల హ్యాండోవర్ ఇచ్చి బయటపడేసరికి మూడున్నర అవుతుంది. రోస్టర్‌లో ఆరు గంటలు. నా కాళ్లకు ఎనిమిది.

బయోమెట్రిక్ మిషన్ గురించి కూడా చెప్పాలి. వచ్చేటప్పుడు వేలు పెట్టడం నెలలో మూడుసార్లు పది నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు జీతం పోతుంది. ఏ తేదీన ఎన్ని నిమిషాలో స్లిప్పులో స్పష్టంగా ఉంటుంది. వెళ్లేటప్పుడు పెట్టే వేలుకు మాత్రం లెక్క లేదు. మూడున్నరకు పెట్టినా ఐదింటికి పెట్టినా ఆ టైం మిషన్‌లో ఉంటుంది, జీతాల షీటు దాకా రాదు. అంటే సమాచారం మీ దగ్గరే ఉంది. మేం కొత్తగా తెచ్చి చూపాల్సింది ఏమీ లేదు.

ఇక డబుల్ డ్యూటీ. డ్యూటీ దిగడానికి అరగంట ముందు ఇన్‌ఛార్జ్ సిస్టర్ వచ్చి, "ఆఫ్టర్‌నూన్‌లో ఇద్దరు రావట్లేదు, నువ్వు కంటిన్యూ చెయ్యి" అంటుంది. ఆమెను తప్పుపట్టను, నిన్న ఆమె కూడా డబుల్ చేసింది. కాదని ఎట్లా అంటాం? వెంటిలేటర్ మీద మనిషి ఉన్నాడు. వెంటిలేటర్ మీదున్న పేషెంటుకు షిఫ్టుకు ఒక నర్సు ఉండాలని మీ రిసెప్షన్ గోడ మీది ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతను గుర్తించే జాతీయ బోర్డు) సర్టిఫికెట్ వెనుక ఉన్న ప్రమాణాలు చెబుతాయి. నేను బ్యాగు తీసుకుని వెళ్లిపోతే ఆయన పక్కన ఎవరూ ఉండరు. మేం అట్లా వదిలి వెళ్లలేమని మీకు తెలుసు. ఆ ధీమా మీదే రోస్టర్ నడుస్తోంది.

డబుల్‌కు బదులు కాంప్ ఆఫ్, అంటే ఇంకో రోజు సెలవు, ఇస్తామంటారు. కాంప్ ఆఫ్ నెలలోపు వాడుకోవాలి. ఆ నెలలో ఎప్పుడు అడిగినా స్టాఫ్ లేరంటారు. నెల దాటితే అది పోతుంది. నిరుడు ఎంగిలిపూల బతుకమ్మ నాటికి నా దగ్గర మూడు కాంప్ ఆఫ్‌లు ఉన్నాయి. మా పాపకు ఐదేళ్లు. ఈసారి వేయిస్తంభాల గుడికి నేనే తీసుకెళ్తానని మాటిచ్చాను. ఒంటిగంటన్నరకు కంటిన్యూ అన్నారు. మా అత్తమ్మ పాపను తీసుకెళ్లి ఫొటో పంపింది. ఆ ఫొటో నేను రాత్రి ఎనిమిదిన్నరకు చూశాను. మేడారం జాతర వచ్చే ఏడాదైతే నెల ముందే సెలవులన్నీ బంద్ అని గ్రూపులో మెసేజ్ వస్తుంది. జాతర రోజుల్లో కేసులు పెరుగుతాయని మాకూ తెలుసు, వస్తాం. తల్లుల దర్శనం తర్వాతైనా చేసుకుంటాం. జాతర అయిపోయిన వారంలోనైనా ఆ గంటలు మాకు తిరిగి రావాలి కదా.

మా బాపు సింగరేణి కార్మికుడు. భూపాలపల్లిలో కేటీకే గనిలో చేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువగా వినబడిన మాట మస్టర్, అంటే రిజిస్టర్‌లో పడే హాజరు. ఈ నెల ఎన్ని మస్టర్లు పడ్డాయన్నదాన్ని బట్టే ఇంటి ఖర్చు, మా ఫీజులు, పండుగ బట్టలు. షిఫ్టు దాటి ఆపితే ఓటీ, అంటే ఓవర్‌టైం డబ్బు. ఆదివారం ప్లే డేకు, అంటే వారపు సెలవు రోజు పనికి, పిలిస్తే రెట్టింపు. ఒకసారి ఆయనకు ఎనిమిది గంటల ఓటీ తక్కువ పడింది. యూనియన్ వాళ్లు ఆయన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయి రిజిస్టర్ తెరిపించారు. రిజిస్టర్‌లో ఉంది. వచ్చే నెల జీతంలో కలిపి ఇచ్చారు. పెద్ద గొడవేమీ కాలేదు, కాగితం ఉంది కాబట్టి.

గని బతుకు సుఖమని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆయన ఛాతీ ఎక్స్‌రేలు పట్టుకుని డాక్టర్ల చుట్టూ తిరిగింది నేనే. కానీ ఆయన చెమటకు లెక్క ఉండేది. నాకు నర్సింగ్ సీటు వచ్చిన రోజు వాడకట్టంతా చెప్పుకున్నాడు, "నా బిడ్డ బొగ్గు ముట్టకుంట తెల్లబట్టలేసుకొని నౌకరీ చేస్తది" అని. కొన్ని నెలల కింద వరుసగా రెండు రోజులు డబుల్ చేసి ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద పడిపోయాను. ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. "బిడ్డా, మరి ఈ ఓటీ నీకు ఎన్నడు పడ్తది?" అన్నాడు. పడదు బాపూ అన్నాను. "రిజిస్టర్ల రాసిన్రా?" లేదన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికి పోయి, వాడని పాత డైరీ ఒకటి తెచ్చి నా దిండు పక్కన పెట్టాడు. "అయితే నువ్వే రాసుకో" అన్నాడు.

రాసుకున్నాను. 90 రోజులు, ఒక్క రోజు తప్పకుండా. అందులో 75 రోజులు డ్యూటీకి వచ్చాను. తొమ్మిదిసార్లు డబుల్ చేశాను, ఒక్కోటి ఆరు గంటల చొప్పున 54 గంటలు. ముందు వచ్చినవి, తర్వాత ఆగినవి కలిపితే 77. మొత్తం 131 గంటలు.

మార్నింగ్ డ్యూటీ ఆరు గంటలే కదా, ఇంకో రెండు గంటలు ఆగితే ఎనిమిదే కదా అని మీ హెచ్‌ఆర్ విభాగం అంటుందని తెలుసు. ఒకసారి అన్నారు కూడా. అలాగైతే నైట్ వారాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. ఆరు రాత్రులు, రాత్రికి పన్నెండు గంటలు, వారానికి 72. మూడు వారాలు పగలు, ఒక వారం నైట్ కలిపి సగటు తీస్తే రోస్టర్ ప్రకారమే వారానికి 45 గంటలు అవుతుంది. దాని మీద నా డైరీలోని గంటలు వారానికి పది. మొత్తం 55.

ఈ 55 అన్న అంకె నేను ఏరి తెచ్చింది కాదు, లెక్క కడితే వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో బయటపెట్టిన అధ్యయనం సరిగ్గా ఆ గీత దగ్గరే ఆగింది. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే, 55 గంటలు, అంతకుమించి పనిచేసేవాళ్లకు స్ట్రోక్ వచ్చే ముప్పు 35 శాతం ఎక్కువ. గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. మీలో కార్డియాలజిస్టులున్నారు, న్యూరాలజిస్టులున్నారు. ఓపీలో మీ ముందు కూర్చున్న మనిషి ఇట్లా పనిచేస్తున్నానని చెబితే మీరే మందలిస్తారు.

డబ్బు లెక్క కూడా చెప్పాలి. తొమ్మిదేళ్ల తర్వాత నా జీతం 18 వేలు. నెలకు 26 రోజులు, రోజుకు ఎనిమిది గంటల చొప్పున చూస్తే గంటకు 86 రూపాయల పైచిలుకు. 131 గంటలకు మామూలు రేటునే కట్టినా 11,300 రూపాయలు దాటుతుంది. ఓటీకి రెట్టింపు రేటు కడితే 22,600 దాటుతుంది. ఏ గంటకు ఏ రేటన్నది కూర్చుని తేల్చుకుందాం. తేల్చుకోవాలంటే ముందు ఆ గంటలు జరిగాయని మీరు ఒప్పుకోవాలి.

నిరుడు ఎండాకాలంలో జరిగిన ఒక సంగతి మీ ఫైళ్లలో సగమే ఉంది. మిగతా సగం ఇక్కడ రాస్తాను. ఆ రోజు ఆఫ్టర్‌నూన్ డ్యూటీకి వచ్చి, నైట్ కూడా నేనే కంటిన్యూ చేశాను. తెల్లవారుజామున నాలుగింటికి ఒక షుగర్ పేషెంటుకు 12 యూనిట్ల ఇన్సులిన్ ఇవ్వాలి. మా దగ్గరున్నది ఎంఎల్‌కు 100 యూనిట్ల వయల్. దానికి నారింజ రంగు మూత సిరంజి వాడాలి. ఎర్ర మూతది 40 యూనిట్ల వయల్‌కు. నా చేతిలో ఎర్ర మూత సిరంజి ఉంది. దాంట్లో 12 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 30 యూనిట్లు. పక్క బెడ్ దగ్గర ఉన్న జూనియర్ సిస్టర్ చూసి, "అక్కా, మూత ఎర్రది" అంది. అంతే. పేషెంటుకు ఏమీ కాలేదు, నాలుగు రోజుల తర్వాత డిశ్చార్జ్ అయి వెళ్లిపోయాడు. నా చేతులు మాత్రం తెల్లారేదాకా వణుకుతూనే ఉన్నాయి.

ఇన్సిడెంట్ రిపోర్టు నేనే రాసి ఇచ్చాను. ఎవరూ అడగకముందే. ఆ ఫారంలో పేషెంటు పేరు, మందు, మోతాదు, సమయం, ఎవరు చేశారు, ఎవరు చూశారు అన్నీ ఉన్నాయి. అప్పటికి ఎన్ని గంటల నుంచి డ్యూటీలో ఉన్నారు అన్న గడి లేదు. మూడో రోజు నాకు మెమో వచ్చింది, నిర్లక్ష్యం అని. ఎర్ర మూత సిరంజి తీసింది నా చెయ్యే, ఆ బాధ్యత నాది. ఆ మెమోకు జవాబులో కూడా అదే రాశాను. కానీ అది నా డ్యూటీలో పద్నాలుగో గంట. ఆ సంగతి ఎవరూ అడగలేదు. అమెరికాలో 393 మంది నర్సులు తమ షిఫ్టులను, పొరపాట్లను స్వయంగా రాసుకుంటే, పన్నెండున్నర గంటలు దాటిన షిఫ్టుల్లో పొరపాటు జరిగే అవకాశం మూడు రెట్లు ఉందని 2004లో తేలింది. వాళ్లు రాసుకున్నారు కాబట్టి తేలింది. మన ఫారంలో గడి లేదు కాబట్టి మన దగ్గర ఎన్ని పొరపాట్లు ఏ గంటలో జరిగాయో ఎప్పటికీ తేలదు.

బర్నౌట్ అనే మాట మీ హెచ్‌ఆర్ వాళ్ల మెయిల్లోనే మొదటిసారి చూశాను. దానికోసం డ్యూటీ అయ్యాక సాయంత్రం ఒక గంట యోగా క్లాసు పెట్టారు, హాజరు తప్పనిసరి అన్నారు. ఆ గంట కూడా మా ఇంటి గంటే. యోగా చెప్పిన మేడమ్ మంచి మనిషి. మేం శవాసనంలో నిద్రపోతే లేపలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఈ బర్నౌట్‌ను తన వర్గీకరణలో చేర్చినప్పుడు దాన్ని జబ్బు అనలేదు. పనిచేసేచోట ఎడతెగని ఒత్తిడిని సరిదిద్దకుండా వదిలేస్తే వచ్చే స్థితి అంది. ఒంట్లో సత్తువ అయిపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, చేసే పని సరిగ్గా చేయలేకపోవడం, ఈ మూడూ దాని లక్షణాలని చెప్పింది. మొదటిది మాకు పాతదే. మూడోది ఎర్ర మూత సిరంజి. రెండోదాని గురించి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఈ చలికాలంలో ఒక రాత్రి ఒకాయన పోయాడు. నలభై ఏళ్లుంటాయి, నర్సంపేట దగ్గరి రైతు. పదకొండు రోజులు నా బెడ్‌లోనే ఉన్నాడు, కాస్త తెలివి వచ్చినప్పుడు మిర్చి రేటు అడిగేవాడు. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. నేను గోడ మీది గడియారం చూస్తున్నాను. ఇంకా ఎన్ని ఫారాలు నింపాలి, బెడ్ ఎప్పుడు క్లీన్ చేయించాలి, ఎనిమిదింటికి దిగనిస్తారా లేదా అని లెక్క వేసుకుంటున్నాను. ఆమె ఏం చెప్పిందో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక గుర్తొచ్చింది, ఆ చెయ్యి తిరిగి పట్టుకోలేదని. నేను అట్లాంటి నర్సును కాదు సార్. నర్సింగ్ హోంలో మొదటి మరణం చూసినప్పుడు మూడు రోజులు అన్నం తినలేకపోయినదాన్ని. అలవాటు పడటం వేరు, ఇది వేరు. నాలోంచి ఏదో తీసేసుకున్నట్టుంది. అది నాకు తిరిగి కావాలి.

పెద్దవయసు పేషెంటు ఒకాయన, వరంగల్‌లోని పాత ఆజంజాహి బట్టల మిల్లు కార్మికుడు, ఒకసారి నన్ను అడిగాడు. "పొద్దుగాల నువ్వే ఉన్నవు, మాపటికి నువ్వే ఉన్నవు. మీకు సైరన్ లేదా సిస్టర్?" అని. 1934లో మొదలైన మిల్లు అది. సైరన్ మోగితే షిఫ్టు మారేదని, ఆ మోత విని ఊళ్లోవాళ్లు కూడా టైం చూసుకునేవారని చెప్పాడు. ఆ మిల్లు మూతబడి ఇరవై ఏళ్లు దాటింది. ఆ సైరన్ ఆయనకు ఇంకా గుర్తుంది.

మేం మిమ్మల్ని అడగకుండా నేరుగా ఊరందరి ముందు పెట్టామని మీరు అనుకోవద్దు. మొదట నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ ద్వారా ఒక వినతిపత్రం ఇచ్చాం. రెండోది 41 మంది సంతకాలతో హెచ్‌ఆర్‌కు ఇచ్చాం. అందినట్టు కాపీ మీద ముద్ర వేయమంటే స్టాంపు లేదన్నారు, సంతకమైనా పెట్టమంటే అధికారం లేదన్నారు. అది కూడా రాయలేదు. మూడోది ఎండీ గారికి మెయిల్. ఇప్పటిదాకా ఒక్కదానికీ జవాబు లేదు. జవాబు కాకపోయినా ఒక ఫలితం వచ్చింది: సంతకాల్లో మొదటి రెండు పేర్లవాళ్లకు వరుసగా మూడు వారాలు నైట్ వేశారు. తర్వాత చాలామంది భయపడ్డారు. భయపడినవాళ్లను నేను ఏమీ అనను. వాళ్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ బీరువాలో ఉన్నాయి.

మే 12న నర్సుల దినోత్సవం నాడు చైర్మన్ గారు కేక్ కట్ చేసి, మీరంతా మా కుటుంబం అన్నారు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారని నమ్ముతున్నాను, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఏడాదిలో మాలో ఏడుగురు మానేశారు. ఎందుకు పోతున్నావని ఒక్కరినీ పిలిచి అడగలేదు.

మీ ఇబ్బందులు మాకు తెలియనివి కావు. ఆరోగ్యశ్రీ బిల్లులు నెలల తరబడి ఆగుతున్నాయి, 2025లో నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేదాకా పోయింది. నర్సులు దొరకడం లేదన్నదీ నిజమే. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో ప్రభుత్వం 6,956 మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇచ్చింది. మన దగ్గరి నుంచి కూడా నలుగురు వెళ్లారు, వాళ్ల జాగాలో ఇద్దరినే తీసుకున్నారు. ఇంకొందరు టామ్‌కామ్ (విదేశాల్లో ఉద్యోగాలకు పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ) ద్వారా జర్మనీ పోదామని జర్మన్ భాష నేర్చుకుంటున్నారు. నైట్ డ్యూటీలో టీ తాగే పది నిమిషాల్లో ఫోన్‌లో పాఠాలు వింటారు. ఉన్న ఊరు, పిల్లలు, ముసలి తల్లిదండ్రులను వదిలి అంత దూరం ఎవరూ సరదాకు పోరు. కొత్తవాళ్లు దొరకకపోవడానికి, ఉన్నవాళ్లు పోవడానికి కారణం ఒకటే. ఉన్నవాళ్ల గంటలకు విలువ ఇస్తే సగం మంది ఆగుతారు.

చట్టం గురించి ఎక్కువ చెప్పను, మీకు లాయర్లున్నారు. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. మామూలు పనిగంటలు దాటి చేసిన పనికి రెట్టింపు కంటే తగ్గకుండా ఇవ్వాలని వేతనాల కోడ్ అంటుంది. ఓటీ చేయించాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలని భద్రత, ఆరోగ్యం మీది కోడ్ అంటుంది. వేలు మిషన్ దగ్గర నిలబడినవాళ్లను వెనక్కి పిలవడాన్ని ఒప్పుకోవడం అనరు. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల గురించి సుప్రీంకోర్టు ఆదేశంతో 2016లో కేంద్రం వేసిన కమిటీ, వంద పడకలు దాటిన ఆసుపత్రిలో నర్సు జీతం ప్రభుత్వ నర్సు జీతం కంటే పది శాతానికి మించి తక్కువ ఉండకూడదని, యాభై పడకలు కూడా లేని చోట సైతం 20 వేలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. పనిగంటలు, సెలవులు ప్రభుత్వ నర్సులతో సమానంగా ఉండాలంది. కేరళలో నర్సులు రోడ్డెక్కాక 2018లో అక్కడి ప్రభుత్వం ఆ 20 వేలను కనీస వేతనంగా ప్రకటించింది. మనది వంద పడకలు దాటిన ఆసుపత్రి. నా జీతం ఎంతో పైన రాశాను.

అయినా జీతం పెంచమని ఈ ఉత్తరంలో అడగడం లేదు. అది ఇంకో రోజు మాట్లాడుకుందాం. ఇవాళ అడిగేది రాయమని. ప్రతి వార్డులో ఒక గంటల రిజిస్టర్ పెట్టండి. వచ్చిన టైం, పేషెంట్లను అప్పగించి వెళ్లిన టైం, నర్సు సంతకం, ఇన్‌ఛార్జ్ సంతకం. నెలాఖరున ఆ మొత్తం జీతం స్లిప్పు మీద ప్రింట్ కావాలి, ఆలస్యం నిమిషాలు ప్రింటయ్యే చోటే. హ్యాండోవర్ అరగంటను డ్యూటీగా లెక్కించండి. డబుల్ అడిగితే కాదనే హక్కు ఉండాలి, కాదన్నవాళ్లకు వరుస నైట్‌లు వేయకూడదు. ఆఫ్టర్‌నూన్ చేసినవాళ్లతో అదే రోజు నైట్ ఎట్టి పరిస్థితిలోనూ చేయించకండి. కాంప్ ఆఫ్ నెలకు చచ్చిపోకూడదు. ఇవ్వలేకపోతే డబ్బు కట్టండి. మా సర్టిఫికెట్లు మాకు ఇచ్చేయండి, మేం కాపీలు ఇస్తాం. ఇన్సిడెంట్ ఫారంలో ఒక గడి చేర్చండి, ఎన్ని గంటల నుంచి డ్యూటీలో ఉన్నారు అని. ఆ గడికి మీకు ఒక్క రూపాయి ఖర్చు కాదు. అది ఈ నెలలోనే చేర్చవచ్చు.

పేషెంట్లకు, వాళ్ల ఇంటివాళ్లకు కూడా ఒక మాట. ఇది చదివి భయపడకండి. మిమ్మల్ని చూసుకునే విషయంలో మా స్టాఫ్‌లో ఎవరూ తెలిసి లోటు చేయరు. ఈసారి వచ్చినప్పుడు, సిస్టర్, మీ డ్యూటీ ఎన్నింటికి అయిపోవాలి అని మమ్మల్ని అడగండి. మేనేజ్‌మెంట్ వాళ్లు అభిప్రాయాల ఫారం ఇస్తారు కదా, మేం చెప్పిన టైం అందులో రాయండి.

నా డైరీ జిరాక్స్ కాపీ, 90 పేజీలు, ఈ ఉత్తరంతో పాటు చైర్మన్ గారి ఆఫీసులో ఇస్తున్నాను. ఇంకో ఆరుగురు సిస్టర్లు కూడా ఈ నెల ఒకటో తేదీ నుంచి రాసుకుంటున్నారు. వచ్చే సోమవారం సాయంత్రం నాలుగింటికి, డ్యూటీలో లేనివాళ్లం కాన్ఫరెన్స్ హాలు బయట ఉంటాం. డ్యూటీలో ఉన్నవాళ్లు డ్యూటీలోనే ఉంటారు, ఒక్క బెడ్ దగ్గర కూడా మనిషి తగ్గదు. మీరు ఒక అరగంట కూర్చుని మాట్లాడండి. మాట్లాడిందంతా ఒక కాగితం మీద రాసి, మీరూ మేమూ కింద సంతకాలు పెట్టి, టైం వేద్దాం.

ఇట్లు,
మీ ఐసీయూ స్టాఫ్ నర్సు,
హనుమకొండ